సప్పుడు లేని పెట్టె

కొత్త లాప్‌టాప్ మా ఇంటికి వచ్చిన రోజే మా బాపుకు నచ్చలేదు. చూడటానికి బాగాలేదని కాదు, ఆయనకు చూపే లేదు. షుగరు ఆయన కళ్ళను మెల్లమెల్లగా తినేసింది, ఇప్పుడు వెలుగు ఉందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, తర్వాత చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"నడుస్తున్నదా గిది?"

"నడుస్తున్నది బాపూ."

"మరి సప్పుడేది?"

సప్పుడు లేదు. దానికి ఫ్యానే లేదని, దాన్ని తెచ్చిన రిపేరు షాపు మధు ముందే చెప్పాడు, అదేదో గొప్ప సంగతి అన్నట్టు. వేడెక్కదు, మొరగదు, అడిగింది అడిగినట్టు తెచ్చి ముందు పెడుతుంది. బాపు మాత్రం చెయ్యి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. "పీనుగ లెక్క సల్లగున్నదే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చిన పూట ఆ మాటలేమిటని కసిరాను కూడా.

మాది సిరిసిల్ల. పవర్‌లూమ్‌ను మేము సాంచా అంటాం. మా వాడలో పసిపిల్లలు సాంచాల మోతకు నిద్రపోతారు, మోత ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. యంత్రం బాగుందో లేదో మాకు కన్ను చెప్పదు, చెవి చెబుతుంది. మా బాపు రాజమల్లు వయసులో ఉన్నప్పుడు సాంచాలు నడిపాడు, తర్వాత చీరలకు నేతలోనే పువ్వులు తేల్చే జకార్డు డిజైన్లు గీసే పనిలో పడ్డాడు. నన్ను మొదటిసారి షెడ్డులోకి తీసుకుపోయినప్పుడు ఆయన చెప్పింది ఒకటే. సప్పుడాగితే ముందు మోటరు బందు చెయ్యి, ఏమైందో తర్వాత చూడు. పోగును మోసుకుపోయే నాడె మధ్యలో ఇరుక్కుంటే సాంచా ఆగిపోతుంది కానీ మోటరుకు ఆ సంగతి తెలియదు. అది ఇంకా తిప్పాలనే చూస్తుంది, చూసి చూసి కాలిపోతుంది. అందుకని మా వాళ్ళ చెయ్యి ఆలోచించకుండానే స్విచ్చు మీదికి పోతుంది. అన్నం తింటున్నా పోతుంది, నిద్రలో ఉన్నా పోతుంది.

పాత లాప్‌టాప్ కూడా ఈ కొత్తదాని కంపెనీదే. అప్పట్లో వాళ్ళు ప్రాసెసర్ వేరే కంపెనీ దగ్గర కొని పెట్టెలో పెట్టేవాళ్ళు. పెద్ద చీర డిజైన్ తెరిస్తే చాలు, అది పెనంలా కాగి, లోపల ఫ్యాను రయ్యిమని తిరిగేది. నాకు తలనొప్పి, బాపుకు సంబరం. "కష్టపడుతున్నది పాపం" అని దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. స్విచ్చు ఆయన వేలికి తెలియాలని దాని మీద నా బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను. పొద్దున లేవగానే ముఖం కడుక్కొని, వేలితో బొట్టు వెతుక్కొని పెట్టెను లేపడం ఆయన పని. చూపు పోయాక ఇంట్లో ఆయనకంటూ మిగిలిన పని అదొక్కటే. కొత్తది రాగానే దానికీ ఒక బొట్టు పెట్టాను.

పాతది రెండుసార్లు చచ్చిపోయింది. ఒకసారి నేనే చాయ్ ఒలకబోశాను, ఇంకోసారి కరెంటు ఎక్కువ వచ్చి బోర్డు కాలింది. రెండుసార్లూ కోరుట్లకు మోసుకుపోయాం. మధు మా వాడకట్టు పిల్లవాడే, అత్తగారి ఊరు కోరుట్లలో రిపేరు షాపు పెట్టుకున్నాడు. రెండుసార్లూ స్క్రూలు విప్పి, లోపలి డిస్కు తీసి, వేరే బోర్డుకు తగిలించి, నవ్వుతూ మా ముందు పెట్టాడు. ఒక్క గీత పోలేదు. ఇది మాకు కొత్త కాదు. సాంచా చెడితే పడుగు చుట్టిన బీము ఎత్తి పక్క సాంచాకు ఎక్కిస్తాం, నేత సాగుతుంది. పెట్టె కూడా అంతే అనుకున్నాం. ఇంకో చోట నకలు దాచుకోవాలని మాకు తోచనే లేదు, మధు కూడా "ఏం గాదక్కా, డిస్కు ఉంటది గదా" అనేవాడు.

ఆ పెట్టెలో బాపు గీసిన డిజైన్లన్నీ ఉండేవి. అమ్మినవాటి ముక్కలు షెడ్ల వాళ్ళ దగ్గర ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, వాటి గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఒక్కదాని మీదే. కళ్ళు పూర్తిగా పోకముందు, భూతద్దం పట్టుకుని, ముక్కు కాగితానికి తగిలేలా వంగి ఆయన గీసిన ఆఖరి చీర అది. కింద అంచున తంగేడు, దాని మీద గునుగు, ఆ పైన కట్లపూలు, బంతి, వరుస మీద వరుస పేర్చుకుంటూ పోయి కొంగు కొసన గుమ్మడిపువ్వు. కట్టుకున్న మనిషి నిలబడితే బతుకమ్మ నిలబడినట్టు ఉండాలని ఆయన కోరిక. ఆ గళ్ళ కాగితాలను ఆయన పక్కన కూర్చుంటే నేనే గడి గడి చూసి పెట్టెలోకి ఎక్కించాను. పోయిన వానకాలం కప్పు కురిసి కాగితాలన్నీ గుజ్జయిపోయాయి. పెట్టెలో ఉంది కదా అని ఇద్దరమూ నిమ్మళంగా ఉన్నాం.

అది ఇంకా నేయలేదు. మా ఆయన తిరుపతి నడిపే జకార్డు సాంచాలు ఆర్డర్ల మీదే ఉండేవి. ఈ పని అయిపోనీ, ఆ పని అయిపోనీ అంటూ జరుపుతూ వచ్చాం. బాపు తొందరపెట్టలేదు. "నేసినంక నాకియ్యి బిడ్డా, ఏళ్ళతోని చూస్త" అనేవాడు. జకార్డు పువ్వు బట్ట మీద లేచి ఉంటుంది, వేళ్ళకు తెలుస్తుంది. పరాయివాళ్ళ చీరలను కూడా ఆయన అలా తడిమి, ఇది ఎవరి చేతి గీతో చెప్పేస్తాడు.

ఇంతలో కంపెనీవాళ్ళు మనసు మార్చుకున్నారు. బయట ప్రాసెసర్ కొనడం మానేసి, తమ పెట్టెకు తామే చిప్పు తయారు చేసుకున్నారు. పాత పెట్టెలకు అప్‌డేట్లు ఆగిపోయాయి. మా డిజైన్ సాఫ్ట్‌వేర్ రోజురోజుకూ మొరాయించసాగింది. మధు కొత్తది తెచ్చి అన్నీ అందులోకి మార్చి, పాతది తీసుకుపోయాడు. కొత్తదాని వేగం చూసి నేను ముచ్చటపడ్డాను, అబద్ధం ఎందుకు. ఇదివరకు చాయ్ తాగి వచ్చేంతసేపు పట్టి తెరుచుకునే చీర, ఇందులో రెప్పపాటులో తెర మీద పరుచుకునేది. మా సాఫ్ట్‌వేర్ మాత్రం పాత చిప్పు భాషలో రాసింది. కొత్త చిప్పుకు ఆ భాష రాదట. మధ్యలో కంపెనీ ఒక దుబాసిని పెట్టింది, అది మాట మాట తర్జుమా చేస్తూ పని నడిపించేది. కొన్నాళ్ళకు తెర మూలన ఒక మాట రావడం మొదలైంది. ఆ దుబాసిని ఇక ఉంచబోమనీ, సాఫ్ట్‌వేర్ మార్చుకొమ్మనీ. నేను దాన్ని మూసేసేదాన్ని. మర్నాడు మళ్ళీ వచ్చేది. ఇంట్లోంచి ఎప్పుడు కదులుతారని మాటిమాటికీ అడిగే ఇంటి ఓనరులా అనిపించేది.

బాపు దాని దగ్గర కూర్చోవడం తగ్గించాడు. మా వాడలో అప్పటికే ఒకటొకటిగా షెడ్లు మూతపడుతున్నాయి. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, "గా మూలకు సప్పుడు బందయింది, ఎవలదే?" అని అడిగేవాడు. ఎవరిదో చెప్పేదాన్ని. ఆయన తల ఊపి మళ్ళీ చెవి రిక్కించేవాడు. ఆ వినడం చూస్తే నాకు భయమేసేది.

ఆ రోజు మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫోన్ చేశారు. కొత్త చిప్పు భాషలో రాసిన వెర్షన్ వచ్చింది, ముందు లాప్‌టాప్ అప్‌డేట్ చేసుకోండి అన్నారు. సరేనని నొక్కాను. తెర నల్లబడి, మధ్యలో సన్నటి తెల్ల గీత ఒకటి పాకడం మొదలుపెట్టింది. అంతలో తిరుపతి పిలిస్తే షెడ్డుకు పోయాను. జకార్డు కొక్కెం విరిగి పని ఆగింది. దాన్ని సరిచేసి వచ్చేసరికి బాపు నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెట్టె మూత మూసి ఉంది, దాని మీద ఆయన రెండు చేతులు ఉన్నాయి. ముఖంలో ఎంతో తృప్తి.

"ఇరుక్కున్నది బిడ్డా" అన్నాడు. "సప్పుడు లేదు, సురుకు లేదు. కాలిపోతదని బందు చేసిన. ఒక్కపారి నొక్కితె ఆగలే. ఎలుగు పోయేదాంక ఒత్తి పట్టుకున్న."

అప్‌డేట్ మధ్యలో ఆపకూడదని నాకు తెలుసు. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట, "మంచిపని చేసినవ్ బాపూ." ఇంకేమనాలి? ఆయన నేర్పినదే చేశాడు. నన్ను ఆ పెట్టె ముందు కూర్చోబెట్టి కళ్ళకు గంతలు కడితే నేనూ అదే చేసేదాన్ని.

మూత తెరిచి బొట్టు మీద నొక్కాను. మళ్ళీ నొక్కాను. తెర నల్లగానే ఉంది. అందులో నా ముఖమే కనిపించింది. పోయిందంటే ఆ ఆఖరి చీర పోయినట్టే, దాన్ని ఆయన మళ్ళీ గీయలేడు. అంతకన్నా ఘోరం, దాన్ని చంపింది తన వేలేనని ఆయనకు తెలియడం. చీర దక్కినా దక్కకపోయినా ఆ సంగతి మాత్రం ఆయన చెవిన పడకూడదని నేను అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

"కరెంటు పోయి చెడినట్టున్నది బాపూ, కోరుట్లకు పోయొస్త" అన్నాను. తానూ వస్తానన్నాడు. వద్దంటే వినలేదు.

కోరుట్లలో మధు ఎప్పటిలాగే "ఏం గాదక్కా" అంటూ స్క్రూలు విప్పాడు. మూత లేపాడు. లోపల అటూ ఇటూ వెతికాడు. వాడి మెడ మీద చెమట చూసి నేనే అడిగాను.

"డిస్కేదిరా?"

"లేదక్కా."

"లేకపోవుడేంది?"

"గిండ్ల విడిగ డిస్కు ఉండదంట. నేను సుత ఇదే మొదలు విప్పుడు. జగిత్యాలల సౌమ్య అని ఉన్నది, గీ మోడళ్ళు ఆమెకే ఎరుక."

రెండేళ్ళుగా ఏం కాదు ఏం కాదని ఊదరగొట్టినవాడు వీడే. నాలుగు తిట్లు తిడదామనుకున్నాను. పక్కన బాపు తల ఒక పక్కకు వంచి ప్రతి మాటా వింటున్నాడు. నోరు మూసుకుని బస్సెక్కాను.

జగిత్యాలలో సౌమ్య తన లాప్‌టాప్‌ను మాదానికి వైరుతో కలిపి చాలాసేపు ప్రయత్నించింది. చిన్న పిల్ల, నెమ్మదైన మనిషి. చివరికి తల ఎత్తి అడిగింది.

"అప్‌డేట్ నడుస్తుండంగ ఎవలన్న బందు చేసిండ్రా అక్కా?"

"లేదు. కరెంటు పోయింది."

"కరెంటు పోతే ఏమైతది, బ్యాటరీ ఉంటది గదా? ఎవలో బటన్ ఒత్తి..."

బాపు వెనక నిలబడి ఉన్న నేను చెయ్యి అడ్డంగా ఊపాను, కళ్ళతో బతిమాలాను. ఆ పిల్ల ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "అవును, కరెంటే అయ్యుంటది" అంది. కానీ ఆ మాటకు ముందు ఒక్క క్షణం గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంకొకరికైతే పట్టని ఆ క్షణం బాపుకు పట్టి ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది.

"బీము ఎత్తి ఇంకో సాంచకు ఎక్కియ్యరాదా బిడ్డా?" అని ఆయన అడిగాడు.

సౌమ్యది కూడా నేత ఇల్లే అయ్యుండాలి, మాట పట్టుకుంది. "బీము, సాంచ, మోటరు అన్ని ఒక్క ముద్దల పోసిండ్రు తాతా. దాచుకున్నదానికి తాళం చెవి సుత గా చిప్పులనే ఉన్నది. చిప్పు లేస్తలేదు. మొత్తం తుడిచి కొత్తగ లేపచ్చు, గని లోపలిది రాదు."

"తుడవద్దు" అన్నాను. చచ్చినదాన్ని అట్లాగే సంచిలో పెట్టుకున్నాను.

మెట్లు దిగుతుంటే బాపే అన్నాడు, "పాత పెట్టె ఎక్కడున్నది?" నాకు ప్రాణం లేచి వచ్చింది. మధుకు ఫోన్ చేశాను. పెగడపల్లిలో లత అనే అమ్మాయికి అమ్మాడట, చదువుకుంటుందట.

"తుడిచి ఇచ్చినవా?"

"అందరికి తుడిచే ఇస్త అక్కా. గని దాన్ని తుడిచిన్నో లేదో యాదికొస్తలేదు."

ఆ యాది లేకపోవడమే మాకు మిగిలిన ఆశ. పెగడపల్లి బస్సులో కిటికీ పక్కన బాపును కూర్చోబెట్టాను. ఊరు దాటాక ఆయన నెమ్మదిగా అడిగాడు.

"గా దినం కరెంటు పోయిందా బిడ్డా?"

"పోయింది బాపూ."

"వాడల సాంచలు ఆగలేదు గదా."

"మన ఇంటి లైనే పోయింది" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు. పొలాల మీద మబ్బు కమ్ముకుని వస్తోంది. ఆయన కుడిచేతి చూపుడువేలు ఎడమ అరచేతిని నొక్కుతోంది, వదులుతోంది, మళ్ళీ నొక్కుతోంది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తూ ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను.

లత వాళ్ళ ఇంటి వాకిట్లోకి అడుగుపెట్టామో లేదో, బాపు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. లోపలి నుంచి వస్తోంది ఆ రయ్యిమనే మోత. ఎన్నాళ్ళకో విన్న మా ఇంటి మనిషి గొంతులా ఉంది. "గదే. మనదే" అన్నాడు. గుడ్డి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లత తల్లి అంజవ్వ మంచినీళ్ళు ఇచ్చింది. సంగతి చెబితే లత వెంటనే తన పాఠం ఆపి లాప్‌టాప్ మా ముందుకు జరిపింది. బాపు దాని పక్కన కూర్చుని అంచు వెంట వేళ్ళు పోనిచ్చాడు. మూలకు వచ్చేసరికి ఆగాడు. నా బొట్టుబిళ్ళ ఇంకా అక్కడే ఉంది, అంచులు అరిగి, రంగు పోయి. "ఎవలో పెట్టుకున్నరు గదా, ఉండనీ అని తియ్యలే" అంది లత. ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది.

'బాపు చీర' అని పేరు పెట్టి దాచిన ఫైలు అది. పేరు కొట్టి వెతకమన్నాను. ఫ్యాను ఇంకా జోరందుకుంది. పెట్టె వేడెక్కింది. బాపు అరచెయ్యి దాని మీదే ఉంది.

"దేవులాడుతున్నది బిడ్డా. ఉన్నది లోపల. లేకుంటే గింత కష్టపడది."

తెర మీద లత పాఠాలు, లత ఫొటోలు, లత అక్క పెళ్ళి వీడియో. దొర్లించుకుంటూ పోయాను. మాది ఒక్కటీ లేదు. లత నా చెవి దగ్గరికి వంగి, "నాకు ఇచ్చిన్నాడే లోపల ఏం లేకుండె అక్కా, కొత్తదాని లెక్కుండె" అని గుసగుసలాడింది. అయినా ఇంకోసారి వెతికించాను. వేరే పేర్లతో వెతికించాను. ఏ మూలైనా ఉంటే చాలు, ఒక్క తంగేడు వరుస దొరికినా చాలనుకున్నాను. వెతకడానికి ఇంకేమీ మిగల్లేదు. ఫ్యాను మెల్లగా దిగి దిగి ఆగిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దమైంది. బాపు చెయ్యి దానంతట అదే లేచింది. మూలకు పోయింది. చూపుడువేలు బొట్టు మీద ఆగింది.

ఆయన నొక్కలేదు. వేలు అక్కడే ఉంచి, తల నా వైపు తిప్పాడు. చిన్నప్పుడు షెడ్డులో నేను ఆయన్ని ఎట్లా అడిగేదాన్నో, అట్లా అడిగాడు.

"సప్పుడాగినా, నొక్కద్దు గద బిడ్డా?"

తెలిసిపోయింది. జగిత్యాలలోనే తెలిసింది, బస్సులో ఖాయం చేసుకున్నాడు. నేను పోగేసిన అబద్ధాలన్నీ ఆయన ఒక్కటొక్కటిగా విని, మాట్లాడకుండా పక్కన పెట్టుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఇక దాచి లాభం లేదు.

"నొక్కద్దు బాపూ" అన్నాను.

ఆయన వేలు తీసేశాడు. ఆ చేతిని ఒళ్ళోకి తెచ్చుకుని, రెండో చెయ్యి దాని మీద కప్పి గట్టిగా పట్టుకున్నాడు. బయట వాన మొదలైంది. అంజవ్వ చాయ్ తెచ్చి అందించింది కానీ ఆయన కప్పు పట్టుకోవడానికి చేతులు విడదీయలేదు. చివరికి నేనే తాగించాను.